చెన్నమ్మ తుపాకికి మూడో మార్పు

చిక్కబళ్ళాపురం జిల్లాలో ఎన్నికలు ప్రశాంతంగా జరగడానికి ఉన్న ఒకే ఒక ఆటంకం నక్కలదిన్నె చెన్నమ్మ తుపాకి అని అధికార వర్గాలు ఏనాడో గుర్తించాయి. అందుకే ఎన్నికల తేదీ ప్రకటించిన మరుక్షణం, అభ్యర్థులు ఎవరో తేలకముందే, చచ్చిపోయిన ఓటర్లు ఎంతమందో లెక్క కుదరకముందే, మా హోబళి ఠాణా నుంచి ఒక జీపు బయలుదేరి తిన్నగా చెన్నమ్మ ఇంటి ముందు ఆగుతుంది. ప్రజాస్వామ్యం మా ఊళ్ళోకి ఎప్పుడూ ఆ జీపులోనే వస్తుంది.

మాది బాగేపల్లి తాలూకా. హైదరాబాదు హైవేకి కొంచెం ఎడంగా, గుట్టల కింద ఉంటాం. వానను నమ్ముకున్న నేల. శనక్కాయలు, రాగులు, ఫ్లెక్సీ బోర్డులు మా ముఖ్యమైన పంటలు. హోబళి మొత్తానికి, అంటే చుట్టుపక్కల పల్లెలన్నిటికీ, పరవానగి అనే సర్కారు లైసెన్సు ఉన్న ఆయుధం ఈ తుపాకి ఒక్కటే. పరవానగి లేనివి చాలా ఉన్నాయని అంటారు గానీ, వాటికి పరవానగి లేదు కనుక వాటిని అప్పగించమని అడగడానికి చట్టం ఒప్పుకోదు.

ఆ తుపాకిని మీరు చూసి ఉండరు కనుక కాస్త వివరంగా చెప్పాలి. నిలబెడితే చెన్నమ్మ భుజం దాటుతుంది. పుట్టినప్పుడు అది చకుముకి తుపాకి. మీట నొక్కితే రాయి ఉక్కు రేకుకు కొట్టుకుని, నిప్పురవ్వ ఎగిరి, పక్కనున్న చిన్న పళ్ళెంలోని మందు మీద పడి, ఆ మంట ఒక రంధ్రం గుండా గొట్టంలోకి పోయి, అప్పటికింకా ఎదుటివాడు అక్కడే ఉంటే పేలేది. ఆ తర్వాత ఎవరో ఆ పళ్ళెం కోసేసి, రంధ్రం పూడ్చి, రాయి ఉండే చోట సుత్తి పెట్టి, గొట్టం వెనకాల సన్నని రంధ్రం ఉన్న ఒక బొడిపె బిగించారు. ఆ బొడిపె మీద లోపల మందు అంటించిన చిన్న రాగి కేపు తొడిగి సుత్తితో కొడితే పేలుతుంది. గొట్టం పాతదే, కర్ర పాతదే, నిప్పు పుట్టే చోటు ఒక్కటి మారింది. మన దగ్గర సంస్కరణలన్నీ ఇలాగే జరుగుతాయి కాబట్టి ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు.

దీన్ని పేల్చాలంటే ముందు నిలబెట్టి, మూతిలోంచి మందు పోసి, కొబ్బరి పీచు కూరి, పొడుగాటి కడ్డీతో దట్టించి, కేపు తొడిగి, భుజానికెత్తి, ఊపిరి బిగబట్టాలి. ఈ తుపాకితో పోలింగు బూతును ఆక్రమించాలనుకుంటే అక్కడి సిబ్బంది కూడా కొంత సహకరించాలి. కడ్డీ పట్టుకోవడానికి ఒకరు, పీచు అందించడానికి ఒకరు కావాలి. ఇంత ప్రమాదకరమైన ఆయుధాన్ని ఎన్నికల వేళ ఒక ముసలామె చేతిలో వదిలిపెట్టడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే.

చెన్నమ్మ దాంట్లో ఏనాడూ గుండు వేయలేదు. మందు, పీచు, అంతే. పొద్దు గూకే వేళ మంచె ఎక్కి ఆకాశానికి గురిపెట్టి ఒక్కసారి పేలుస్తుంది. గుట్ట దిగి వచ్చే అడవి పందులు ఆ మోత వినగానే వెనక్కి తిరిగి, ఆ పూటకు ఇంకొకరి చేను చూసుకుంటాయి. ఆమె భర్త బతికున్నన్నాళ్ళూ ఆయన ఆ పని చేశాడు. ఆయన పోయాక పరవానగి ఆమె పేరుకు మారింది. నాలుగెకరాల శనక్కాయ చేనుకు ఆ మోత తప్ప మరో కంచె లేదు.

మోత లేని ఏడు పంట ఉండదు. పంట లేని ఏడు కొడుకు లోకేశ్ నోరు ఊరుకోదు. అతను చింతామణి మార్కెట్టుకు టమాటాలు తోలే టెంపో నడుపుతాడు. దారి పొడుగునా ఎర్రమట్టి చేలల్లో తెల్లరాళ్ళు పాతి ఇళ్ళ సైట్లు వేయడం రోజూ చూస్తాడు.

"అమ్మా, మనం శనక్కాయలు ఎవురికి పండిస్తాండాం? మనకా, పందులకా? ఆ చేను లేఅవుటు చేసేద్దాం. పందులు రాళ్ళు తినవు" అన్నాడు.

"ఒక్క పంట సరిగ్గా చేతికి రానీ రా. రాకపోతే నీ ఇష్టం" అంది చెన్నమ్మ.

కనుక ఈ కథలో పణంగా ఉన్నది ఆ నాలుగెకరాలు. మిగతాదంతా ప్రభుత్వం.

మా దగ్గర వానలు రాకపోవచ్చు గానీ ఎన్నికలు తప్పవు. పంచాయతీ ఎన్నిక, శాసనసభ ఎన్నిక, లోక్‌సభ ఎన్నిక, రాజీనామా చేసినవాళ్ళు అదే కుర్చీలో మళ్ళీ కూర్చోవడానికి ఉప ఎన్నిక, ఇవిగాక పట్టభద్రుల నియోజకవర్గం, ఉపాధ్యాయుల నియోజకవర్గం. ఉపాధ్యాయుల ఎన్నికకు కూడా తుపాకి అప్పగించాల్సిందే. మాస్టర్లు ఆవేశపరులని ఠాణాలో అందరికీ తెలుసు.

ఆ ఏడు విత్తనం మొలకెత్తగానే ఉప ఎన్నిక వచ్చింది, తుపాకి పోయింది. ఓటింగు అయింది, లెక్కింపు అయింది, గెలిచినవాళ్ళు ఊరేగారు, ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ పార్టీలో చేరారు. తుపాకి మాత్రం తిరిగి రాలేదు. చెన్నమ్మ ఠాణాకు వెళ్ళింది. ఎస్సై దేవరాజ్ చాలా మర్యాదస్తుడు. ఎవరినీ నిలబెట్టి మాట్లాడడు. కుర్చీ వేయించి, కూర్చోబెట్టి, లేదని చెబుతాడు.

"ఎలక్షనైపోయింది గదప్పా, నా తుపాకి నాకిచ్చేయండి. కాయ ఊరతాండాది. పందులు దిగినాయంటే ఏమీ మిగలదు" అంది చెన్నమ్మ.

"ఇచ్చేదానికి నాకేమీ అడ్డం లేదమ్మా. పైనుంచి ఆదేశ రావాల. ఆదేశ రావాలంటే మీరు అర్జి పెట్టాల. పందులు తింటాండాయని అధికారికి చేను చూపించి మహజరు రాయించి, అర్జితో పాటు తీసుకు రాండి."

"తిన్నాక తుపాకి ఏం చేసుకునేదప్పా?"

"తినకముందు మీకు తుపాకి అవసరముందని మేమెట్ల నమ్మేదమ్మా?"

న్యాయమైన ప్రశ్న. చెన్నమ్మ కుర్చీలోంచి లేచింది. అర్జి పెట్టి, మహజరుకు కావలసినంత చేనును పందులు తినేదాకా ఇంటి దగ్గర కూర్చుంది.

ఈలోగా ఆయుధ పూజ వచ్చింది. మీకు తెలుసు, ఆ రోజు మా వైపు ఇనుము అనేది ఎక్కడ కనిపించినా బొట్టు పెడతారు. బస్సుకు, బోరుబావి మోటారుకు, టైలరు కత్తెరకు, ప్రభుత్వ కచేరిలో ఏడాదిగా పనిచేయని ప్రింటరుకు కూడా. ఠాణాలో తుపాకులన్నీ వరసగా పేర్చి పూజ చేశారు. పొడుగులో అన్నిటినీ మించింది కనుక చెన్నమ్మ తుపాకిని నడిమధ్యలో పెట్టారు. పైగా దాని ఇనుప పలక మీద వెనక కాళ్ళ మీద నిలబడిన ఒక సింహం బొమ్మ ఉంది. ఆ సింహాన్ని చెన్నమ్మ ఇంట్లో తరతరాలుగా నరసింహస్వామి అనే మొక్కుతున్నారు. పోలీసులూ భక్తులే. స్వామికి పసుపు, కుంకుమ, గంధం, పైన కాస్త నెయ్యి, ఏ లోటూ లేకుండా పట్టించారు.

ఇంట్లో అయితే పూజైన మర్నాడు చెన్నమ్మ భర్త ఒక కోడి ఈక తీసుకుని, ఆ బొడిపె రంధ్రంలోకి జారిన కుంకుమను తుడిచేవాడు. లేకపోతే నిప్పు లోపలికి పోదు. ఈ సంగతి చెన్నమ్మ ఠాణాకు వెళ్ళి చెప్పింది. నరసింహస్వామి పక్కన కోడి ఈక పెట్టడమేమిటని అక్కడున్న పోలీసాయన రెండు చెవులూ పట్టుకున్నాడు.

అర్జి జిల్లాధికారి కచేరికి చేరింది. అక్కడ ఎవరికీ రాని సందేహం ఒకరికి వచ్చింది. ఇది అసలు ఆయుధమా, పురాతన వస్తువా? తేల్చడానికి బెంగళూరు నుంచి అంబరీష్ అనే చరిత్ర పండితుడిని పిలిపించారు. ఆయన తుపాకిని భూతద్దం పెట్టి చూసి, ఇది ఈస్టిండియా కుంపిణీ సిపాయిల తుపాకి అని, నూట ఎనభై ఏళ్ళ కిందట కుంపిణీ వాళ్ళే దీన్ని చకుముకి నుంచి కేపుకు మార్చారని, పలక మీద ఉన్నది నరసింహస్వామి కాదు, కుంపిణీ ముద్ర అని నిజం చెప్పేశాడు. చదువుకున్నవాళ్ళకు ఎక్కడ ఏం చెప్పాలో తెలియదు.

మధ్యాహ్నానికల్లా మా మనోభావాలు దెబ్బతిన్నాయి. మాజీ పంచాయతీ సభ్యుడు, ప్రస్తుతం తుపాకి పరిరక్షణ సమితి అధ్యక్షుడు పిళ్ళప్ప నాయకత్వంలో హైవే మీద బైఠాయించాం. బస్సులు ఆగిపోయాయి. బస్సుల్లో వాళ్ళు దిగివచ్చి, విషయం తెలియకుండానే మనోభావాలు దెబ్బతీసుకుని మాతో కూర్చున్నారు. సాయంత్రానికి అంబరీష్ గారు వివరణ ఇచ్చారు. లోతుగా ఆలోచిస్తే ప్రపంచంలోని సింహాలన్నీ నరసింహస్వామి అంశలేనని, కుంపిణీ వాళ్ళకు ఆ సంగతి తెలియకపోవడం వాళ్ళ దురదృష్టమని ఆయన అన్నారు. బస్సులు కదిలాయి.

కానీ పిళ్ళప్పకు ఒక చిక్కు మిగిలింది. చెన్నమ్మ పూర్వీకుడు పెద్ద గంగప్ప పాళెగాళ్ళ కాలంలో ఒక తెల్లదొర మీద పడి ఈ తుపాకి లాక్కున్నాడని అప్పటికే ఫ్లెక్సీ వేయించాడు. లాక్కున్న తర్వాత దాన్ని కుంపిణీ వాళ్ళు ఎలా మార్చగలరు? సమితి అత్యవసరంగా సమావేశమై చరిత్రను సరిచేసింది. గంగప్ప లాక్కున్నది చకుముకి తుపాకిని. కుంపిణీ వాళ్ళు ఆయన పరాక్రమానికి ముగ్ధులై, ఆ తుపాకిని అడిగి తీసుకెళ్ళి, కొత్త పద్ధతిలో కేపు బిగించి, మర్యాదగా తెచ్చి ఇచ్చారు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

"యాడి యుద్ధమప్పా? మా ఇంటాయన తాతకు తాత చింతామణి సంతలో ఎద్దులు కొనేదానికి పోయి, ఎద్దులతో పాటు దీన్నీ కొనుక్కొచ్చినాడంట. ఎద్దులు బాగా పనిచేసినాయంట గూడా" అంది చెన్నమ్మ.

ఆమె వయసు దృష్ట్యా సమితి ఆ మాటలను పట్టించుకోలేదు.

ఇక ప్రభుత్వ నిర్ణయం వెలువడింది. ఆయుధమైతే ఠాణాలో ఉండాలి. పురాతన వస్తువైతే గాజు పెట్టెలో ఉండాలి. చేనులో ఉండాలని చెప్పే శాఖ ఏదీ ప్రభుత్వంలో లేదు. కాబట్టి గాజు పెట్టెలో పెట్టాలని, అయితే ఆయుధం కాదని రుజువయ్యేదాకా పరవానగి మాత్రం చెన్నమ్మ పేరునే కొనసాగాలని తీర్మానించారు. ఈ చర్చలు సాగుతుండగానే చేనులో పందులు తమ పని ముగించాయి. మహజరుకు వచ్చిన అధికారి గట్టు మీద నిలబడి చూసి, తినడానికి ఏమీ మిగలలేదు గనుక ఇకమీదట తుపాకి అవసరం లేదని రాసి వెళ్ళాడు.

లోకేశ్ వెళ్ళి తెల్లరాళ్ళ ధర కనుక్కుని వచ్చాడు. ఇంకొక్క ఏడు ఆగమని చెన్నమ్మ కొడుకును బతిమాలింది. కన్నకొడుకును బతిమాలడం ఆ మనిషికి అదే మొదటిసారి. అతను సరేనన్నాడు.

గాజు పెట్టె ప్రారంభోత్సవానికి మా నాయకులు ఆదినారాయణప్ప గారు విచ్చేశారు. ఏ పార్టీ అని అడగకండి. అడిగే సమయానికి మారి ఉండవచ్చు. తాలూకా కేంద్రంలో శామియానా వేశారు. చెన్నమ్మకు శాలువా కప్పారు. ఆదినారాయణప్ప గారు మైకు అందుకున్నారు.

"మహాజనులారా! ఈ తుపాకి మొదట చకుముకి. ఆ తర్వాత కేపు. ఎవరు మార్చారు? పరాయివాళ్ళు! స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్ళయింది, మనవాళ్ళు దీన్ని ఒక్కసారైనా మార్చారా? లేదు! ఆ మూడో మార్పు ఈ ఆదినారాయణప్ప చేతుల మీదుగా జరగబోతోంది! ఇకమీదట దీనికి మందు వద్దు, కేపు వద్దు. ఒక్క బటన్ నొక్కితే చాలు! ఆ మోత విని నా రైతు సోదరుల శత్రువులు గుట్టలు దాటి పారిపోతారు!"

రెండో మార్పు ఏదని లెక్క చూడకుండా మేము చప్పట్లు కొట్టాం. గౌరవ సూచకంగా, చివరిసారిగా తుపాకిని పేల్చే కార్యక్రమం మొదలైంది. పోలీసులు మందు పోసి, పీచు కూరి, కడ్డీతో దట్టించేసరికి మా కాళ్ళు లాగాయి. ఆదినారాయణప్ప గారు కళ్ళు మూసుకుని, చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు. సుత్తి పడింది. టిక్ అంది. కేపు మార్చారు. మళ్ళీ టిక్ అంది.

"కుంకుమ అడ్డం పడిందప్పా, కోడీక ఒకటి తెప్పించండి" అని చెన్నమ్మ వేదిక మీది నుంచే అంది. బ్యాండు వాళ్ళకు సైగ వెళ్ళింది, ఆమె మాట వినపడలేదు.

పిళ్ళప్ప సమయస్ఫూర్తి ఉన్నవాడు. నాయకుల రాక కోసం తెచ్చిన టపాకాయల్లో ఒకటి మిగిలింది. శామియానా వెనక్కి వెళ్ళి అంటించాడు. ఢామ్మని పేలింది. ఆదినారాయణప్ప గారు కళ్ళు తెరిచి, కుంపిణీని గడగడలాడించిన మోత ఇదేనని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ శబ్దాన్ని రికార్డు చేసి, ముందు ఆయన ప్రసంగం, మా చప్పట్లు, చివర పేలుడు వచ్చేలా గాజు పెట్టె పక్కన ఎర్ర బటన్ అమర్చారు. ఉదయం పదింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా ఎవరైనా నొక్కుకోవచ్చు. రెండో శనివారం సెలవు.

మరుసటి ఏడు వాన బాగా పడింది. చెన్నమ్మ మళ్ళీ శనక్కాయ వేసింది. అయిదింటి తర్వాత, అంటే పందులు వచ్చే వేళకు, ఆ బటన్‌ను ఒక్క గంట తన చేనుకు ఇప్పించమని గాజు పెట్టె ఉన్న గది కాపలాదారును అడిగింది. బటన్ గోడకు బిగించి ఉందని, గోడ ప్రభుత్వానిదని ఆయన చెప్పాడు.

అప్పుడు ఆమె కోడలు ప్రతిమ, అత్తలాగా ఎవరినీ అడగకుండా, గదికి వెళ్ళి బటన్ నొక్కి, అంతా మొబైల్లో రికార్డు చేసుకుని వచ్చింది. ప్రసంగం తీసేసి, పేలుడు మాత్రం ఉంచి, మంచెకు ఒక స్పీకరు కట్టి పొద్దు గూకేటప్పుడు వేసింది. పందులు పరుగెత్తాయి. కొన్నాళ్ళకు వాటికి అర్థమైంది, మోత వస్తుంది గానీ మందు వాసన రాదని. ఇక కదలడం మానేశాయి. విసిగిపోయిన ప్రతిమ ఒకరోజు ప్రసంగం కూడా కలిపి మొత్తం పెట్టేసింది.

జరిగింది చూస్తే మాకే నమ్మకం కలగలేదు. "మహాజనులారా" అనే కేక వినగానే పందులు పిల్లలతో సహా గుట్టెక్కాయి. ఆంధ్ర సరిహద్దు దాటి పోయాయని, అక్కడా సభలు జరుగుతున్నాయని తెలిసి మధ్యలోనే ఆగిపోయాయని చెప్పుకున్నారు. పందుల సంగతి ఎలాగున్నా, చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ ప్రసంగాన్ని ప్రతిమ దగ్గర తీసుకెళ్ళి చేలల్లో పెట్టుకున్నాయి. సాయంత్రమైతే ప్రతి మంచె మీది నుంచీ ఆదినారాయణప్ప గారే. ఆయన వల్ల మా హోబళికి జరిగిన మేలు అదొక్కటే. అదీ ఆయనకు తెలియకుండా జరిగింది.

చెన్నమ్మ ఒక చెట్టు పీకి చూసింది. వేళ్ళ నిండా కాయ. కాయ నిండా గింజ. ఒక్కటి ఒలిచి కొడుకు నోట్లో పెట్టింది. లోకేశ్ నమిలాడు. ఆ రోజు సైట్ల మాట ఎత్తలేదు.

పంట పీకే రోజులు దగ్గరపడ్డాయి. ఒక సాయంకాలం మంచె మీద కూర్చున్న చెన్నమ్మకు చేను అంచున ఏదో కదిలినట్టనిపించింది. పైన ఆదినారాయణప్ప గారు పరాయివాళ్ళ మీద నిప్పులు చెరుగుతున్నారు. కింద ఒక తల్లి పంది, వెనకాల దాని పిల్లలు, స్పీకరు కిందనే తీరుబడిగా తవ్వుకుంటున్నాయి. చప్పట్ల దగ్గరకు వచ్చేసరికి అన్నీ ఒక్కసారి తలలెత్తి చూశాయి. స్పీకరు ఢామ్మంది. ఏమీ జరగలేదు. మళ్ళీ వంగి తినడం మొదలుపెట్టాయి.

"అలవాటు పడిపోయినాయమ్మా. ఆయప్ప ఉత్త మాటల మనిషని కనుక్కున్నాయి" అంది చెన్నమ్మ కోడలితో.

అప్పటికింకా సగం చేను మిగిలే ఉంది. ఆమె మంచె దిగకుండా, చేతిలో స్టీలు కంచం పట్టుకుని గరిటెతో వాయిస్తూ కూర్చుంది. అదే వారంలో ఎన్నికలు ప్రకటించారు.

జీపు వచ్చింది.

"తుపాకి అప్పగించండమ్మా" అన్నాడు దేవరాజ్.

"నా తుపాకి మీ గాజు పెట్టెలోనే ఉండాది గదప్పా."

"ఉండొచ్చు. పరవానగి మీ పేరున ఉండాది. అప్పగించాల్సింది మీరే."

గాజు పెట్టె వాళ్ళు తుపాకి ఇచ్చేది లేదన్నారు. ఠాణా వాళ్ళు తుపాకి కావాలన్నారు. చివరికి పైఅధికారులు కలగజేసుకుని, ప్రమాదకరమైన భాగం బటనే కాబట్టి దానికి లక్క సీలు వేస్తే చాలని తేల్చారు. ఎర్ర బటన్ మీద ఎర్ర లక్క పోశారు. జిల్లాలో శాంతిభద్రతలు కుదుటపడ్డాయి.

కానీ సాయంత్రం గస్తీ తిరుగుతున్న ఎన్నికల తనిఖీ బృందానికి చెన్నమ్మ చేను వైపు నుంచి ఆదినారాయణప్ప గారి గొంతు వినిపించింది. అనుమతి లేని ప్రచార సభ! టార్చి వేసి దూరం నుంచే పరిశీలించారు. పొలంలో సభికులు కుటుంబాలతో సహా నేల మీద కూర్చుని, తలలు వంచుకుని, అత్యంత క్రమశిక్షణతో ప్రసంగం వింటున్నారని, చప్పట్ల దగ్గర తలలెత్తుతున్నారని నివేదిక రాశారు. స్పీకరు స్వాధీనం చేసుకున్నారు. మొబైలు స్వాధీనం చేసుకున్నారు. కంచం ఒక స్వతంత్ర అభ్యర్థి గుర్తు అని తేలడంతో దాన్ని కూడా బహిరంగంగా వాయించకూడదని చెన్నమ్మ చేత ముచ్చళిక, అంటే హామీపత్రం, రాయించుకున్నారు.

ఇక ఆమెకు మిగిలింది గొంతు. దానికి పరవానగి అక్కర్లేదు. మూడు సాయంకాలాలు అరిచింది. లోకేశ్ టెంపో ఆపేసి వచ్చి అరిచాడు, ప్రతిమ అరిచింది. ఒక మూల అరిస్తే పందులు ఇంకో మూల తిన్నాయి. నాలుగో రోజుకు చెన్నమ్మ గొంతు పూర్తిగా పోయింది. ఆ మర్నాడు ఆమె తవ్విపోసిన మట్టిలో కూర్చుని, ఖాళీ డిప్పలు ఏరి ఒళ్ళో వేసుకుని, శబ్దం లేకుండా ఏడ్చింది. అది చూసి మాకు నవ్వు రాలేదు. అందుకని దాని గురించి ఎక్కువ రాయడం లేదు.

తనిఖీ బృందం నివేదిక మాత్రం ఆదినారాయణప్ప గారి చేతికి చేరింది. ఆయన పులకించిపోయారు. ఇన్నేళ్ళ రాజకీయ జీవితంలో తన ప్రసంగాన్ని రోజూ, అదీ డబ్బివ్వకుండా, కూర్చుని వినే జనం ఉన్నారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ జనం ఉన్న చోటే తన మొదటి బహిరంగ సభ జరగాలని పట్టుబట్టారు. పిళ్ళప్ప స్థలం చూసి వచ్చాడు. నాలుగెకరాలు, ఎక్కడా మొక్క లేదు, నేల చక్కగా తవ్వి సిద్ధంగా ఉంది. లోకేశ్ ఒప్పుకున్నాడు. సభ అయిన మర్నాడే తెల్లరాళ్ళు దించుతామన్నవాళ్ళతో కూడా ఒప్పుకున్నాడు. చెన్నమ్మ మాట తప్పే మనిషి కాదు. పంట రాకపోతే నీ ఇష్టమని ఏనాడో అని ఉంది.

సభ బ్రహ్మాండంగా జరిగింది. చింతామణి నుంచి, బాగేపల్లి నుంచి, మండికల్ నుంచి మమ్మల్ని ట్రాక్టర్లలో తోలుకొచ్చారు. నేల మీద కూర్చోబెట్టి చిత్రాన్నం పొట్లాలు పంచారు. పైన వేదిక మీద చెన్నమ్మ. ఆమె ఒళ్ళో తన తుపాకికి అచ్చు వేసినట్టున్న ప్లాస్టిక్ బొమ్మ ఒకటి, సభ వాళ్ళు జ్ఞాపికగా ఇచ్చినది. పక్కనే పిళ్ళప్ప. ముందున్న బల్ల మీద ఇంకో మైకు.

"మహాజనులారా!" అన్నారు ఆదినారాయణప్ప గారు. ఒక్క అక్షరం మారలేదు. చకుముకి అన్నారు, కేపు అన్నారు, పరాయివాళ్ళన్నారు, మూడో మార్పన్నారు. మేము పొట్లాలు విప్పుకుని తింటున్నాం. రైతు సోదరుల శత్రువులు గుట్టలు దాటి పారిపోతారని ఆయన చెయ్యెత్తగానే తలలెత్తి చూశాం. ఏమీ జరగలేదు. మళ్ళీ వంగి తినసాగాం.

చెన్నమ్మ అక్కడి నుంచి మమ్మల్ని చాలాసేపు చూసింది. గొంతు ఇంకా సరిగ్గా రాలేదు. పిళ్ళప్ప వైపు వంగి మెల్లగా అంది:

"వీళ్ళు గూడా అలవాటు పడిపోయినారప్పా."

బల్ల మీది మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట నాలుగెకరాలూ వినిపించింది. మేమంతా ఒక్కసారి తలలెత్తి, గట్టిగా చప్పట్లు కొట్టి, మళ్ళీ పొట్లాల మీదికి వంగాం.